కస్టమర్ల నంబర్లు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి: 18 వేలు అడిగారు, మేం రెండు సాయంత్రాల్లో చేసుకున్నాం

ఈ ఎపిసోడ్ కొనకనమిట్లలో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో ఫ్యాన్ సౌండు, కోడి సౌండు వస్తే ఏమనుకోకండి.

సిమ్ పోర్ట్ అందరికీ తెలుసు కదా. 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఆ సౌకర్యం ఉంది. ఒక మెసేజ్ కొడతాం, కోడ్ వస్తుంది, కంపెనీ మారిపోతాం, నంబరు మాత్రం మనదే. ఇప్పుడు ఒక షాపు సంగతి చూడండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో, సీఆర్‌ఎమ్‌లోనో 1,600 మంది కస్టమర్ల పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ నచ్చలేదు, ఇంకోదానికి మారాలి. పోర్ట్ అని మెసేజ్ కొడితే పని అవ్వదు. యూరప్‌లో 2025 సెప్టెంబరు 12 నుంచి డేటా యాక్ట్ అమల్లోకొచ్చింది. క్లౌడ్ కంపెనీ మారేవాళ్లకి పాత కంపెనీ అడ్డం పడకూడదని అందులో రాశారు. మనకి అలాంటిది లేదు. మన డేటాని మనమే మోసుకెళ్లాలి.

సీఆర్‌ఎమ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కస్టమర్ ఎవరు, నంబరెంత, ఏం కొన్నాడు, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి అని రాసుకునే డిజిటల్ నోటుపుస్తకం. అంతే.

మా మామకి పొదిలి రోడ్డులో నీళ్ల ఫిల్టర్లు, మోటార్ల సర్వీసు షాపు ఉంది. మన పడమటి ప్రకాశంలో బోరు నీళ్లు, ఫ్లోరైడు సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్‌ఓ ఫిల్టరు అమ్మినందుకు వచ్చేది ఒకసారే. తర్వాత క్యాండిల్ మార్చాలి, మెంబ్రేన్ మార్చాలి, ఆ సర్వీసు మీదే షాపు నడుస్తుంది. ఎవరికి ఏ తేదీన మార్చాలో ఆ లిస్టు పోతే షాపు పోయినట్టే. పాత సాఫ్ట్‌వేర్ వాళ్లు రెన్యువల్ రేటు బాగా పెంచారు. కొత్తది చూసుకున్నాడు. కొత్తవాళ్ల ఏజెంటు ఏమన్నాడంటే, "డేటా మైగ్రేషన్ ఛార్జీ 18 వేలు సార్." మామ నాకు ఫోన్ చేశాడు. "ఏరా అల్లుడూ, ఈ మైగ్రేషన్ అంటే ఏందిరా, లారీలో తోలుకొస్తారా?"

నేను చేస్తా మామా అన్నాను. బీటెక్ చదివినవాడిని, నాలుగేళ్లు ఉద్యోగం చేసినవాడిని, ఒక ఫైలు ఇక్కడ దించి అక్కడ ఎక్కించలేనా అనుకున్నా. మొదటిసారి ఘోరంగా చెడగొట్టాను. ఆ చెడగొట్టడమే ఈ ఎపిసోడ్.

ముందు ఫైలు సంగతి. ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. నొక్కితే మామూలుగా సీఎస్‌వీ ఫైలు వస్తుంది. అదొక ఉత్త టెక్స్ట్ ఫైలు. ఒక్కో వరుస ఒక్కో కస్టమరు, మధ్యలో కామాలు. అంతకుమించి ఏమీ లేదు. ప్రపంచంలో ఏ రెండు సాఫ్ట్‌వేర్‌లకి పడకపోయినా సీఎస్‌వీ మాత్రం రెండింటికీ పడుతుంది. ఫోన్ కాంటాక్టులైతే వీసీఎఫ్ అనే ఫైలుగా వస్తాయి. ఆండ్రాయిడ్ గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ టు ఫైల్ అని ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా. ఎక్స్‌పోర్ట్ చేసే పని సబ్‌స్క్రిప్షన్ ఇంకా బతికున్నప్పుడే చెయ్యండి. గడువు అయిపోయాక లాగిన్ దగ్గరే ఆపేసేవాళ్లు ఉంటారు. అప్పుడు మీ డేటా చూడ్డానికే ఇంకో నెల డబ్బు కట్టాలి. ఇంకోటి, దిగిన ఫైలుని అస్సలు ముట్టుకోకండి. ఒక కాపీ తీసి, పని అంతా కాపీ మీద చెయ్యండి.

నేనేం చేశానో తెలుసా? దిగిన ఫైలు మీద డబుల్ క్లిక్ కొట్టాను. ఎక్సెల్ ఓపెన్ అయింది. చూశాను, బాగానే ఉంది, కంట్రోల్ ఎస్ కొట్టి క్లోజ్ చేశాను. అక్కడే అయిపోయింది కథ.

ఎక్సెల్ మంచి సాఫ్ట్‌వేరే. కాకపోతే అతి తెలివి. అంకెలు కనపడగానే అది లెక్కల కోసమే అనుకుంటుంది. 91తో మొదలయ్యే 12 అంకెల ఫోన్ నంబరు ఉందనుకోండి, అదేదో పెద్ద సంఖ్య అనుకుని 9.19 అని, పక్కన ఈ ప్లస్ 11 అని కుదించి చూపిస్తుంది. చూపించడం వరకైతే పర్వాలేదు. సీఎస్‌వీగా సేవ్ చేస్తే, పైకి ఏది కనపడుతుందో అదే ఫైల్లోకి వెళ్తుంది. వెనకున్న మిగతా అంకెలు గాల్లో కలిసిపోతాయి. మళ్లీ రావు. ముందు ప్లస్ గుర్తు ఉంటే కాపాడుతుందేమో అనుకుంటారు, దాన్ని కూడా తీసి పక్కన పెడుతుంది.

ఇంకా తమాషా డోర్ నంబర్లది. మన ఊళ్లలో డోర్ నంబర్లు ఎలా ఉంటాయి? 2-14, 3-45, ఇలాగే కదా. ఎక్సెల్‌కి 2-14 అంటే ఫిబ్రవరి 14. పాపం చినారికట్లలో ఒక పెద్దాయన ఇంటి అడ్రస్ వాలంటైన్స్ డే అయిపోయింది. 3-45 ఏమో 1945 మార్చి అయింది. మీరు నవ్వుతున్నారు గానీ ఇది మన ఒక్కరి గోల కాదు. జన్యువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు మార్చ్1, సెప్ట్1 అని జన్యువులకి పేర్లు పెట్టుకుంటే ఎక్సెల్ వాటిని కూడా తేదీలు చేసేసింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కి దణ్ణం పెట్టి మనుషులే సర్దుకున్నారన్నమాట. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2023లో ఈ ఆటోమేటిక్ మార్పుని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చారు. అందరి కంప్యూటర్లలోనూ ఆ కొత్త వెర్షన్ ఉండదు, నెట్ సెంటర్లలో అయితే మరీ.

మరి ఎలా తెరవాలి? డబుల్ క్లిక్ వద్దు. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ నుంచి ఫైలు లోపలికి తీసుకోండి. అక్కడ డేటా టైప్ డిటెక్షన్ దగ్గర డిటెక్ట్ చేయొద్దు అనేది ఎంచుకోండి. గూగుల్ షీట్స్ అయితే ఇంకా సులువు, ఉచితం కూడా. ఫైల్, ఇంపోర్ట్, అక్కడ కన్వర్ట్ టెక్స్ట్ టు నంబర్స్ అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేయండి. ఫోన్లో షీట్స్ యాప్‌తో ఈ పని కుదరదు. క్రోమ్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుని లాగించొచ్చు గానీ కళ్లు పోతాయి. ఒక రోజు ఎవరి లాప్‌టాప్ అయినా అడగండి. నెట్ సెంటర్లో చేస్తే పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లో ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, గూగుల్ నుంచి లాగౌట్ అయ్యి రండి.

తెలుగు పేర్ల దగ్గర ఇంకో గండం ఉంది. ఫైలు తెరిస్తే తెలుగు బదులు నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు కనపడ్డాయా? భయపడకండి. డేటా బాగానే ఉంది, చదివే పద్ధతే తప్పు. అదే ఫ్రమ్ టెక్స్ట్ విండోలో ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001, యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు తిరిగొస్తుంది. పాత ఫోన్ల వీసీఎఫ్ ఫైల్లో పేరు ఉండాల్సిన చోట ఈక్వల్ గుర్తులు, ఈ0, బీ0 అని వరుసగా ఉంటాయి. అవి కూడా తెలుగే. ఒక్కో తెలుగు అక్షర గుర్తుకి మూడు బైట్లు పడుతుంది, వాటిని అలా విడదీసి రాశారు, అంతే. గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కిస్తే అది చదువుకుంటుంది. కానీ పేరు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు కనపడితే మాత్రం ఆ పేరు పోయినట్టే. ఎవరో మధ్యలో పాత పద్ధతిలో సేవ్ చేశారు. అసలు ఫైలు దగ్గరికి వెళ్లాల్సిందే. అందుకే అసలు ఫైలు ముట్టుకోవద్దన్నాను.

నా అదృష్టం బాగుండి పాత సాఫ్ట్‌వేర్‌కి ఇంకా ఆరు రోజుల గడువు ఉంది. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఆ ఆరు రోజులు లేకపోతే మామకి నా మొహం ఎలా చూపించేవాణ్ణో.

రెండోసారి నంబర్లు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టా. కొన్ని ప్లస్ 91తో ఉన్నాయి, కొన్ని సున్నాతో, కొన్నిటికి మధ్యలో ఖాళీలు. సులువైన ఉపాయం, అంకెలు కానివన్నీ తీసేసి కుడివైపు నుంచి 10 అంకెలు పట్టుకోవడం. గూగుల్ షీట్స్‌లో రెజెక్స్ రీప్లేస్, రైట్ అని రెండు ఫార్ములాలతో అయిపోతుంది. చేశాను, అన్నీ పదేసి అంకెలు, చక్కగా ఉన్నాయి. కానీ మార్కాపురం ల్యాండ్‌లైన్లు ఏమయ్యాయో చూడలేదు. మార్కాపురం ఎస్‌టీడీ కోడ్ 08596, తర్వాత ఆరంకెలు. మొత్తం 11. ముందున్న సున్నా పోతే మిగిలేది 8తో మొదలయ్యే 10 అంకెలు. అచ్చం సెల్ నంబరులాగే ఉంటుంది! ఒంగోలు 08592 కూడా అంతే. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు అలా సెల్ నంబరు అయిపోయింది. దానికి సర్వీసు మెసేజ్ పంపితే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకి వెళ్లుండేది. ఫార్ములా వేసే ముందే 08596, 08592తో మొదలయ్యేవాటిని ఫిల్టర్ చేసి వేరే కాలమ్‌లో పెట్టండి. అవి కొన్నే ఉంటాయి, కంటితో చూసుకోవచ్చు.

తర్వాత పేర్లు. జోహో సీఆర్‌ఎమ్, సేల్స్‌ఫోర్స్ లాంటి వాటిలో కాంటాక్ట్‌కి లాస్ట్ నేమ్ తప్పనిసరి. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా ఒక్క పొడి అక్షరం. మామ లిస్టులో చాలామందికి అదీ లేదు. "మోటార్ సుబ్బయ్య గొట్లగట్టు" అని ఉంటుంది, అంతే. దీన్ని ముక్కలు చేస్తే ఫస్ట్ నేమ్ మోటార్, లాస్ట్ నేమ్ గొట్లగట్టు అవుతుంది. రేపు పండక్కి ఆటోమేటిక్ మెసేజ్ పోతే "ప్రియమైన మోటార్ గారికి" అని పోతుంది. నేను పేరు మొత్తం లాస్ట్ నేమ్‌లోనే పెట్టేసి ఫస్ట్ నేమ్ ఖాళీగా వదిలేశా. ఊరు మాత్రం వేరే కాలమ్. పద్ధతి ప్రకారం తప్పే. షాపుకి మాత్రం అదే సుఖం.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. పాత ఫైల్లో 05/06 అని ఉంది. మనకి జూన్ 5. అమెరికా పద్ధతిలో చదివే సాఫ్ట్‌వేర్‌కి మే 6. 25/06 ఉంటే 25వ నెల లేదని తిరగ్గొడుతుంది, అది మంచిదే, తప్పు కనపడుతుంది. 12లోపు తేదీలే చప్పుడు లేకుండా తారుమారవుతాయి. మామ షాపులో అలా జరిగితే సగం మంది ఇళ్లకి ఫిల్టరు మార్చే రోజు నెలలు అటూ ఇటూ అయ్యేది. అన్నిటినీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా మార్చాను. 2025-06-05. ఇలా రాస్తే ఏ దేశపు సాఫ్ట్‌వేర్‌కీ సందేహం రాదు.

జిల్లా కాలమ్ కూడా ఏడిపించింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. 2025 ఆఖర్న మనకి మార్కాపురం జిల్లా వచ్చింది. మామ పాత లిస్టులో మాత్రం అందరూ ప్రకాశమే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో జిల్లా అనేది డ్రాప్‌డౌన్, లిస్టులో లేని పేరు వస్తే ఆ వరుసనే వెనక్కి కొడుతుంది. నేను జిల్లా కాలమ్ తీసేశాను. మండలం, పిన్ కోడ్ చాలు. జిల్లాలు ఎన్నిసార్లు మారినా పిన్ ముందు 523 మారలేదు.

ఇప్పుడు అసలు కీలకం. కస్టమర్లది ఒక ఫైలు, సర్వీసు చరిత్రది ఇంకో ఫైలు. ఈ సర్వీసు ఈ కస్టమర్‌దే అని కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది? ఫోన్ నంబరుతో కలపొచ్చు అనిపిస్తుంది. కానీ ఊళ్లలో ఒకే నంబరు తండ్రి పేరు మీద, కొడుకు పేరు మీద, పక్కింటి పిన్ని పేరు మీద కూడా ఉంటుంది. పేరుతో కలుపుదామంటే వెంకటేశ్వర్లు ఎంతమందో లెక్కే లేదు. అందుకని పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కస్టమర్ ఐడీ ఉంటుంది కదా, దాన్ని పారేయకండి. కొత్తదాంట్లో "పాత ఐడీ" అని ఒక కస్టమ్ ఫీల్డ్ పెట్టి అందులో ఎక్కించండి. ముందు కస్టమర్ల ఫైలు, ఆ తర్వాతే సర్వీసు ఫైలు, రెండింటినీ కలిపేది ఆ పాత ఐడీ. పెద్ద కంపెనీల్లో లక్షల రికార్డులు మార్చేటప్పుడు కూడా జరిగేది ఇదే. సేల్స్‌ఫోర్స్‌లో దీన్నే ఎక్స్‌టర్నల్ ఐడీ అంటారు.

ఇంపోర్ట్ నొక్కే ముందు కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేషన్లన్నీ ఆపేయండి. కొత్త కాంటాక్ట్ రాగానే వెల్‌కమ్ మెసేజ్ పంపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, పదేళ్ల నాటి కస్టమర్లందరికీ రాత్రి 11 గంటలకి "మా షాపుకి స్వాగతం" అని వెళ్తుంది. ఎస్‌ఎంఎస్ డబ్బులు కూడా మీవే.

మొదట 20 వరుసలే ఎక్కించండి. పైనున్న 20 కాదు, ఏరి ఏరి చెత్త వరుసలు తీసుకోండి. తెలుగు పేరు, ల్యాండ్‌లైన్, అడ్రస్‌లో కామా ఉన్నది, ఒకే నంబరుతో ఇద్దరున్నది. అవి సరిగ్గా వెళ్తే మిగతావి వెళ్తాయి. తప్పు పోతే వెనక్కి తీసుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోండి. జోహో సీఆర్‌ఎమ్‌లో ఇంపోర్ట్ హిస్టరీలో అన్‌డూ ఉంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో 30 రోజుల వెనక్కి వెళ్లొచ్చు. దాంట్లోకి ఒకసారికి 3,000 కాంటాక్టులే ఎక్కుతాయి, ఎక్కువుంటే ఫైలు ముక్కలు చేసుకోండి.

డబ్బు సంగతి. చాలామంది జాపియర్ లాంటి టూల్స్‌తో చేయొచ్చు కదా అంటారు. దాని ఫ్రీ ప్లాన్‌లో నెలకి 100 టాస్కులు. ఒక్కో కస్టమర్ ఒక్కో టాస్క్ అనుకున్నా మామ లిస్టుకి 16 నెలలు పడుతుంది. అవి రోజూ వచ్చే కొత్త కస్టమర్‌ని ఇక్కణ్ణుంచి అక్కడికి పంపడానికి పనికొస్తాయి. ఒక్కసారి ఇల్లు మారడానికి కాదు. సేల్స్‌ఫోర్స్ వాడేవాళ్లయితే డేటాలోడర్ డాట్ ఐఓ అని ఉంది, నెలకి 10,000 రికార్డుల దాకా ఉచితం. కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లని కూడా మొహమాటం లేకుండా అడగండి. కస్టమర్ కావాలనుకున్నప్పుడు కొంతమంది ఉచితంగానే చేసిపెడతారు. డబ్బు పెట్టాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి, కాదనను. లక్ష రికార్డులు, ఒకదానికొకటి లింకైన పది టేబుళ్లు, బిల్లుల ఫొటోలు, కాల్ రికార్డింగులు కూడా రావాలంటే తెలిసినవాళ్లకి ఇవ్వడమే మేలు. 1,600 మంది పేర్లకి 18 వేలు మాత్రం ఎక్కువ.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఉచితంగా వీసీఎఫ్‌ని సీఎస్‌వీ చేస్తాం, డూప్లికేట్లు తీసేస్తాం అనే వెబ్‌సైట్లలో ఈ ఫైలు అప్‌లోడ్ చెయ్యకండి. అవి మన నంబర్లు కాదు, జనం నమ్మి ఇచ్చినవి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, దశలవారీగా అమలవుతాయి. డేటాకి సరైన భద్రత పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా రాశారు అందులో. మన పొదిలి షాపుకి అంత వేస్తారా అంటారా, అది వేరే మాట. రేపు ఆ నంబర్లకి లోన్ యాప్‌ల ఫోన్లు మొదలైతే జనం అడిగేది మామనే. వీసీఎఫ్‌ని గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించి అక్కణ్ణుంచే సీఎస్‌వీగా దించుకోవచ్చు. దానికోసం షాపు పేరుతో వేరే జీమెయిల్ పెట్టుకోండి. మీ సొంత ఫోన్లో 1,600 మంది కొత్త చుట్టాలు చేరకుండా ఉంటారు.

అంతా ఎక్కాక సరిచూసుకోవడం. మామ దీన్ని నాకంటే బాగా చేశాడు. నేను వరుసల లెక్క చూశాను, అటు 1,612, ఇటు 1,612, సరిపోయింది అన్నాను. మామ ఒప్పుకోలేదు. "బాకీల టోటల్ ఎంతరా?" అన్నాడు. పాతదాంట్లో మొత్తం బాకీ, కొత్తదాంట్లో మొత్తం బాకీ పక్కపక్కన పెట్టాం. 4,300 తేడా. వెతికితే మూడు వరుసల్లో అడ్రస్‌లో ఉన్న కామా వల్ల కాలమ్‌లు ఒకటి పక్కకి జరిగాయి. బాకీ ఉండాల్సిన చోట ఇంకేదో కూర్చుంది. వరుసల లెక్కలో అది ఎప్పటికీ దొరికేది కాదు. నా 20 చెత్త వరుసల్లో కామా ఉన్నది ఒకటి పెట్టాను, కానీ దానికి కోట్ గుర్తులు సరిగ్గా ఉన్నాయి. ఈ మూడింటికి లేవు.

ఆ తర్వాత మామ ఫోన్ తీసుకుని కొత్త లిస్టులోంచి ఎక్కడపడితే అక్కడ పదిమందికి కాల్ చేశాడు. "అమ్మా, ఫిల్టరు షాపు నుంచి. నీళ్లు బాగా వస్తన్నాయా?" తొమ్మిది మంది సరైనవాళ్లే. పదోది తర్లుపాడులో ఒకావిడది. ఆమె భర్త పోయి రెండేళ్లయిందంట, నంబరు కొడుకు వాడుతున్నాడు. ఆ తప్పు మైగ్రేషన్‌ది కాదు, పాత లిస్టులోనే ఉంది. మామ ఆ పేరు కొట్టేసి, కొడుకు పేరు అడిగి తనే టైప్ చేశాడు.

పాత ఫైలు ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్ పెట్టి మామ బీరువాలో ఉంది. పాత సాఫ్ట్‌వేర్‌లో డేటా డిలీట్ చేయమని మెయిల్ కూడా పెట్టాం, జవాబు ఇంకా రాలేదు. వచ్చాక చెప్తా. వచ్చే ఎపిసోడ్‌లో వాట్సాప్ బిజినెస్ లేబుల్స్ సంగతి చూద్దాం. కాంటాక్టులు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ లేబుల్స్ వెంట రావు. మామ దాంట్లో "అప్పు", "రేపు రా", "పని అయింది" అని మూడు పెట్టుకున్నాడు. వాటిని ఎలా తేవాలో నేనింకా చూస్తున్నా.